ఏ తప్పు మోరల్ టర్పిట్యూడ్ అవుతుంది?

ప్రభుత్వ ఉద్యోగమో బ్యాంకు ఉద్యోగమో వచ్చినవాళ్లు నింపాల్సిన కాగితాల్లో అటెస్టేషన్ ఫారం ఒకటి. పేరు, ఊరు, చదువు దాకా చకచకా నింపేస్తారు. తర్వాత ఒక కాలమ్ దగ్గర పెన్ను ఆగుతుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూషన్ నడిచిందా, డిటెన్షన్‌లో ఉన్నారా, బైండోవర్ చేశారా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా అని వరసగా అడుగుతారు. కాలేజీ రోజుల్లో బెంజ్ సర్కిల్ దగ్గర జరిగిన కొట్లాట అప్పుడు గుర్తొస్తుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏమీ లేనివాళ్లకూ టెన్షన్ మొదలవుతుంది. విజయవాడలోనైనా గుంటూరులోనైనా ప్లీడరు దగ్గరకు పరుగెత్తి అడిగే ప్రశ్న ఒకటే: “సార్, ఇది మోరల్ టర్పిట్యూడ్ కిందికి వస్తుందా?”

ఈ ప్రశ్నకు వెంటనే అవుననో కాదనో చెప్పగలిగే ప్లీడర్లు తక్కువ. వాళ్లకు చట్టం తెలియక కాదు, ఆ మాటకు అర్థం ఏ చట్టంలోనూ రాసి లేదు కాబట్టి.

టర్పిట్యూడ్ లాటిన్ నుంచి వచ్చిన మాట. లాటిన్‌లో టుర్పిస్ అంటే వికారమైనది, చూడటానికి అసహ్యమైనది. కంటికి సంబంధించిన ఆ అసహ్యం రానురాను నడతకు అంటుకుంది. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి నీచత్వం, సిగ్గుమాలినతనం అని స్థిరపడింది. నీతి తప్పడం ఆ ఒక్క మాటలోనే ఉంది కాబట్టి ముందు మోరల్ అని తగిలించనక్కర్లేదు. అయినా చట్టాలు రెండింటినీ జంటగానే వాడుతూ వచ్చాయి. ఇవాళ టర్పిట్యూడ్‌ను విడిగా వాడేవాళ్లు అరుదు. తెలుగులో నైతిక పతనం అనో, నీతిబాహ్యమైన నేరం అనో రాస్తారు గానీ, కోర్టుల్లోనూ ఆఫీసుల్లోనూ నోట వచ్చేది ఇంగ్లిష్ మాటే.

స్కాండల్, డిస్‌గ్రేస్ లాంటి మాటలతో దీన్ని కలిపేయకూడదు. స్కాండల్‌కు జనం నోళ్లు కావాలి. పదిమందికీ తెలియకపోతే అది స్కాండలే కాదు. డిస్‌గ్రేస్ అనిపించుకోవాలంటే పోవడానికి ముందు కాస్త పరువుండాలి. టర్పిట్యూడ్‌కు ఈ రెండూ అక్కర్లేదు. ఎవరూ చూడకపోయినా, చేసినవాడు ఊళ్లో దర్జాగా తిరుగుతున్నా, చేసిన పనిలో నీచత్వం ఉంటే ఉన్నట్టే. మన ఊళ్లలో చిక్కంతా ఇక్కడే వస్తుంది. మనం సిగ్గును కొలిచేది నలుగురేమనుకుంటారన్న లెక్కతో. చట్టం అడుగుతున్నది మాత్రం చేసినవాడి బుద్ధి ఎలాంటిదని.

ఈ మాట చాలా చట్టాల్లో ఉంది. 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం సెక్షన్ 10 ప్రకారం మోరల్ టర్పిట్యూడ్ ఉన్న నేరంలో శిక్ష పడిన మనిషిని ఏ బ్యాంకూ ఉద్యోగంలో పెట్టుకోకూడదు, ఉన్నవాణ్ని కొనసాగించకూడదు. అలాంటి నేరమే చేసినవాళ్లను లాయరుగా నమోదు చేయకూడదని 1961 అడ్వొకేట్స్ చట్టంలోని సెక్షన్ 24ఎ చెబుతుంది. పాస్‌పోర్టు చట్టం కొంచెం మెత్తగా ఉంటుంది. దరఖాస్తుకు ముందు అయిదేళ్ల లోపు ఇలాంటి నేరంలో శిక్ష పడి, అదీ రెండేళ్లకు తగ్గని జైలు అయితేనే పాస్‌పోర్టు నిరాకరిస్తారు. మన పంచాయతీరాజ్ చట్టంలో మోరల్ డెలింక్వెన్సీ అని దీనికి దగ్గరి మాట వాడారు. ప్రైవేటు కంపెనీల అపాయింట్‌మెంట్ లెటర్లలోనూ ఉద్యోగంలోంచి తీసేసే కారణాల కింద ఇది తరచూ కనిపిస్తుంది. ఎవరూ చదవకుండా సంతకం పెట్టే పేజీలో ఉంటుంది.

వీటిని పక్కపక్కన పెట్టి చదివితే ఒక విడ్డూరం బయటపడుతుంది. బ్యాంకింగ్ చట్టంలో గడువు లేదు. ఒకప్పుడు శిక్ష పడినా అనర్హుడే. అడ్వొకేట్స్ చట్టంలో మాత్రం విడుదలైన రెండేళ్లకు అనర్హత పోతుంది. అంటే బ్యాంకులో బంట్రోతుగా జీవితాంతం పనికిరాని మనిషి, రెండేళ్లు ఆగి, పట్టా ఉంటే, నల్లకోటు వేసుకుని అదే బ్యాంకు తరఫున వాదించవచ్చు. ఎమ్మెల్యే, ఎంపీ పదవుల సంగతి ఇంకో దారి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 8 మోరల్ టర్పిట్యూడ్ జోలికే పోలేదు. నేరాల జాబితా ఒకటి రాసి, మిగిలినవాటికి రెండేళ్ల జైలుశిక్ష అని గీత గీసింది. చట్టం రాసేవాళ్లు తమ దాకా వచ్చేసరికి కొలత స్పష్టంగా ఉండాలనుకున్నారు. చిన్న ఉద్యోగుల విషయంలో ఆ జాగ్రత్త తీసుకోలేదు.

చట్టం చెప్పకుండా వదిలేసిన అర్థాన్ని కోర్టులు నింపుతూ వచ్చాయి. ఎక్కువగా ఉదహరించే తీర్పు 1996 నాటి పవన్ కుమార్ వర్సెస్ హరియాణా రాష్ట్రం. సహజంగానే నీచమైన, హేయమైన, భ్రష్ట స్వభావాన్ని బయటపెట్టే నడతను మోరల్ టర్పిట్యూడ్ అంటారని సుప్రీంకోర్టు అందులో వివరించింది. ఆ వివరణ కంటే కేసు ఎక్కువ చెబుతుంది. ఆయన చిన్న స్థాయి ప్రభుత్వోద్యోగి. బహిరంగ స్థలంలో అసభ్యంగా ప్రవర్తించడానికి సంబంధించిన పాత శిక్షాస్మృతి 294 కింద కేసు పెట్టారు. ఆయన నేరం ఒప్పుకున్నాడు. కోర్టు ఇరవై రూపాయల జరిమానా వేసింది. ఆ ఇరవై రూపాయల కాగితం చూపించి ఉద్యోగం తీసేశారు. నిజంగా ఆయన ఏం అన్నాడో, ఏం చేశాడో రికార్డులో లేదు. ఉన్నవి సెక్షన్ నంబరు, ఒప్పుకోలు, జరిమానా.

సుప్రీంకోర్టు ఆ తొలగింపును కొట్టేసింది. చిన్నాచితకా కేసుల్లో తలనొప్పి వదిలించుకోవడానికి జనం నేరం ఒప్పేసుకుంటారన్న వాస్తవాన్ని గుర్తించింది. రెండు వేల రూపాయల దాకా జరిమానాతో పోయే శిక్షలను ఉద్యోగాల విషయంలో అసలు శిక్షగానే లెక్కించకుండా పార్లమెంటు చట్టం తెస్తే బాగుంటుందని కూడా సూచించింది.

మన దగ్గర పెట్టీ కేసులు తేలే తీరు చూసినవాళ్లకు ఈ తీర్పు విలువ అర్థమవుతుంది. కోర్టు వరండాలో నిలబడ్డ కుర్రాడికి కానిస్టేబులో గుమాస్తానో చెప్పే సలహా ఎప్పుడూ ఒకటే: “ఒప్పేసుకో, ఫైన్ కట్టి పో, మళ్లీ వాయిదాలకు తిరగక్కర్లేదు.” ఆ రోజుకి అది మంచి సలహాలాగే ఉంటుంది. కూలి పని పోదు, ప్లీడరు ఫీజు మిగులుతుంది. నాలుగేళ్ల తర్వాత పోలీసు ఉద్యోగానికి ఎంపికైనప్పుడు అదే కాగితం ఎదురొస్తుంది. ఒప్పుకునే ముందు సెక్షన్ ఏమిటో, అది భవిష్యత్తులో ఎక్కడ అడ్డం పడుతుందో అడగడం వాడి హక్కు. ఆ సంగతి వాడికి చెప్పేవాళ్లే ఉండరు.

పవన్ కుమార్ కంటే ముందే, 1963లో, అలహాబాద్ హైకోర్టు మంగలి వర్సెస్ ఛక్కీ లాల్ కేసులో మూడు పరీక్షలు పెట్టింది. ఆ పని సమాజపు నైతిక మనస్సాక్షిని కుదిపేసేదేనా? దాని వెనకున్న ఉద్దేశం నీచమైనదా? ఆ పని వల్ల చేసినవాణ్ని భ్రష్టుడిగా, సమాజం చిన్నచూపు చూడదగ్గవాడిగా భావించవచ్చా? దేశమంతా కోర్టులు ఇప్పటికీ ఈ మూడింటినే తిరగేస్తుంటాయి.

చదవడానికి బాగానే ఉన్నాయి. సంక్రాంతికి విజయవాడ చుట్టుపక్కల పల్లెలకు తీసుకెళ్లి చూస్తే రంగు తేలుతుంది. కోడికి కత్తి కట్టి పందెం వేయడం నేరం. జంతుహింస నిరోధక చట్టం ఉంది, ఏపీ గేమింగ్ చట్టం ఉంది. ఏటా పండగ ముందు పోలీసుల హెచ్చరికలు వస్తాయి. భోగి తెల్లారేసరికి బరులు సిద్ధంగా ఉంటాయి, పక్కనే కార్లు ఆపుకోవడానికి చదును చేసిన పొలాలు, ఫ్లడ్ లైట్లు, బిర్యానీ స్టాళ్లు. ప్రజాప్రతినిధులు కూడా వచ్చి కూర్చుంటారు. సమాజపు మనస్సాక్షి కుదుపుకు లోనవుతున్న ఛాయలు మాత్రం కనపడవు. మొదటి పరీక్షలోనే అది టర్పిట్యూడ్ కాకుండా పోతుంది. పేకాట కూడా అంతే. క్లబ్బులో ఆడిన పెద్దమనిషిని ఎవరూ చిన్నచూపు చూడరు, రైల్వే ట్రాక్ పక్కన చెట్టు కింద ఆడుతూ దొరికిన ఆటోడ్రైవరును చూస్తారు. ఆట ఒకటే, సెక్షన్ ఒకటే. సమాజం అన్నప్పుడు ఎవరి సమాజం అన్న ప్రశ్నకు ఆ మూడో పరీక్షలో జవాబు లేదు. మూడింటిలో గట్టిగా నిలబడేది రెండోదే, ఉద్దేశం నీచమైనదా కాదా అన్నది. మిగిలిన రెండూ పరువు లెక్కను దొడ్డిదారిన మళ్లీ లోపలికి తెస్తాయి.

పరువు లెక్కకూ టర్పిట్యూడ్ లెక్కకూ ఉన్న దూరం గుంటూరులో బాగా కనిపిస్తుంది. “ఐపీ పెట్టాడు” అంటే అక్కడ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అప్పులు తీర్చలేనని దివాలా పిటిషన్ వేశాడని అర్థం. దానికి ఆధారమైన చట్టం 1920 నాటిది. మిర్చి ధర పడిపోయి, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు మీద తెచ్చిన అప్పుకు వడ్డీలు పెరిగి, ఒక వ్యాపారి ఐపీ పెట్టాడనుకుందాం. ఊళ్లో ఆయన తల ఎత్తుకోలేడు. పెళ్లికి పిలుపులు తగ్గుతాయి, పిల్లకు వచ్చిన సంబంధం వెనక్కి పోతుంది. రోడ్డు మీద ఎదురుపడిన రైతు అనే మాటలు వినలేక వేరే ఊరు పోయినవాళ్లూ ఉన్నారు. ఇంత సిగ్గు మోసినా ఆయన మీద మోరల్ టర్పిట్యూడ్ లేదు, ఎందుకంటే నష్టపోవడం నేరం కాదు. బ్యాంకింగ్ చట్టం కూడా దివాలా తీసినవాణ్నీ, టర్పిట్యూడ్ నేరంలో శిక్ష పడినవాణ్నీ ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టింది గానీ, ఇద్దరినీ ఒకటి చేయలేదు.

అదే వ్యాపారి ఐపీ పెట్టబోతూ, డబ్బు ఇచ్చే ఉద్దేశం లేకుండానే వందల టిక్కీల (బస్తాల) మిర్చి కొని, సరుకు అమ్ముకుని, ఇల్లు బావమరిది పేరు మీదకు మార్చి ఉంటే కథ మారుతుంది. అప్పుడది మోసం. పాత లెక్కలో ఫోర్ ట్వంటీ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318. జనం నోట ఇంకా ఫోర్ ట్వంటీయే నడుస్తోంది, ఆ తిట్టు ఇప్పట్లో మారేలా లేదు. బయటనుంచి చూసేవాళ్లకు రెండు సందర్భాల్లోనూ షాపుకు తాళమే కనిపిస్తుంది. తేడా ఆ సరుకు కొన్న రోజు ఆయన మనసులో ఏముందన్నదే. కోర్టు వెతకాల్సింది దాన్నే, ఋజువు చేయడం కష్టమైందీ అదే.

డబ్బు విషయంలో మాత్రం కోర్టులు మొదటినుంచీ కఠినంగానే ఉన్నాయి. మొత్తం చిన్నదా పెద్దదా అని చూడవు. సుశీల్ కుమార్ సింఘాల్ కేసు 2010లో తేలింది. ఆయన పంజాబ్ నేషనల్ బ్యాంకులో బంట్రోతు. టెలిఫోన్ బిల్లు కట్టమని ఇచ్చిన డబ్బు కట్టలేదు. నమ్మకద్రోహం కింద శిక్ష పడినా, మంచి నడత చూసి ప్రొబేషన్ మీద వదిలేశారు. జైలుకు పోలేదు కదా, ప్రొబేషన్ చట్టం సెక్షన్ 12 అనర్హతలను తీసేస్తుంది కదా అని ఆయన వాదన. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రొబేషన్ వల్ల శిక్ష అనుభవించడం తప్పుతుంది, దోషి అన్న నిర్ణయం చెరిగిపోదు అంది. ఉద్యోగం తిరిగి రాలేదు.

గ్రాట్యుటీ దగ్గర ఇదే మాట ఇంకో మలుపు తిరిగింది. ఉద్యోగంలో ఉండగా మోరల్ టర్పిట్యూడ్ కిందికి వచ్చే నేరమయ్యే పని చేసి డిస్మిస్ అయితే, గ్రాట్యుటీని పూర్తిగానో కొంతో ఆపేయవచ్చని 1972 గ్రాట్యుటీ చట్టం సెక్షన్ 4 చెప్పింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. దానికి క్రిమినల్ కోర్టులో శిక్ష పడి తీరాలా? యూనియన్ బ్యాంకుకు సంబంధించిన అజయ్ బాబు కేసులో, 2018లో, సుప్రీంకోర్టు పడాలి అంది. 2025 ఫిబ్రవరిలో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేసులో అదే కోర్టు అక్కర్లేదు అంది. చట్టంలో ఉన్నది నేరమయ్యే పని అనే గానీ శిక్ష పడిన నేరం అని కాదు కదా అన్నది రెండో తీర్పు తర్కం. దానితో పాటే మహారాష్ట్ర ఆర్టీసీ కండక్టర్ల కేసులూ తేలాయి. ప్రయాణికుల దగ్గర తీసుకున్న చార్జీ డబ్బులు జమ చేయలేదన్నది ఆరోపణ. అక్కడ కోర్టు మొత్తం గ్రాట్యుటీ ఆపనివ్వలేదు, 25 శాతానికి పరిమితం చేసింది.

ఈ తీర్పు ప్రభావం పెద్దది. పండిట్ నెహ్రూ బస్టాండులో ఏ కండక్టరును అడిగినా చెకింగ్ అంటే ఏమిటో చెబుతాడు. టికెట్ కొట్టకుండా డబ్బు తీసుకోవడం ఒకటి, రద్దీలో టికెట్ ఇవ్వడం ఆలస్యమై ఈలోపు స్క్వాడ్ ఎక్కడం ఇంకొకటి. మొదటిదాంట్లో బుద్ధి తప్పు, రెండోదాంట్లో బస్సు రద్దీ. ఆ తేడాను ఇప్పుడు తేల్చేది క్రిమినల్ కోర్టు కాదు, శాఖాపరమైన విచారణాధికారి. సాక్ష్యాల కొలత అక్కడ తక్కువ. అర్థం రాసి లేని మాటను యజమాని చేతికిస్తే, ముప్పయ్యేళ్ల సర్వీసు సొమ్ము దాని మీద ఆధారపడుతుంది. అజయ్ బాబు తీర్పే ఉద్యోగికి న్యాయంగా ఉండేదని అనిపించక మానదు.

చెక్కు బౌన్స్ కేసులు మన రెండు నగరాల కోర్టుల్లోనూ కుప్పలుగా ఉంటాయి కాబట్టి ఆ సంగతి ఒక ముక్క. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద రెండేళ్ల దాకా జైలు ఉన్నా, దాని స్వభావం సగం సివిలే. క్రిమినల్ తోడేలు తోలు కప్పుకున్న సివిల్ గొర్రె అని 2021లో సుప్రీంకోర్టే అంది. చెక్కు వెనక్కి వచ్చినంత మాత్రాన మనిషి నీచుడని తేల్చేయడం కుదరదు. మోసం చేయడానికే ఇచ్చిన చెక్కు అయితే దానికి విడిగా మోసం సెక్షన్ ఉంది.

అటెస్టేషన్ ఫారంలో ఏం రాయాలన్న దానికి సుప్రీంకోర్టు 2016 నాటి అవతార్ సింగ్ తీర్పు దారి చూపింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి అల్పమైన కేసులైతే, దాచినా యజమాని చూసీ చూడనట్టు పోవచ్చని అందులో ఉంది. అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లో జెండా పట్టుకుని కేసులు మోసిన విద్యార్థి నాయకులకు అది ఊరట. కానీ తీవ్రమైన కేసును దాస్తే ఆ దాచడమే ఉద్యోగానికి ఎసరు పెడుతుంది. టర్పిట్యూడ్ ఉన్న కేసులో సాంకేతిక కారణాలతో బయటపడితే, అది మచ్చలేని విడుదల కాదనుకుంటే యజమాని పూర్వాపరాలు చూసుకోవచ్చు. నిజం రాసినవాళ్లకూ ఉద్యోగం ఖాయం కాదు, పరిశీలన మాత్రం న్యాయంగా జరగాలి.

కొత్త న్యాయ సంహిత ఇంకో చిక్కు తెచ్చింది. సెక్షన్ 303 ప్రకారం దొంగిలించిన వస్తువు విలువ అయిదు వేల రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలినవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే జైలు ఉండదు, సమాజసేవ చేయిస్తారు. ఉద్దేశం మంచిదే. అయితే బ్యాంకింగ్ చట్టం అడిగేది ఎంత శిక్ష పడిందని కాదు, దోషిగా తేలాడా లేదా అని. చవక ఫోను ఒకటి కొట్టేసి, తిరిగిచ్చి, నాలుగు రోజులు ఆసుపత్రి ఆవరణ ఊడ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు, పాత తీర్పుల వెలుగులో చూస్తే టర్పిట్యూడ్ నేరస్థుడే. పార్లమెంటు ఒక చేత్తో దయ చూపించి రెండో చేతిని అలాగే వదిలేసింది.

కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్లకు ఈ మాట అమెరికా నుంచీ వస్తుంది. అక్కడి ఇమిగ్రేషన్ చట్టంలో మోరల్ టర్పిట్యూడ్ 1891 నుంచీ ఉంది, అక్కడా అర్థం రాసి లేదు. ఇంత అస్పష్టమైన మాటతో మనుషుల్ని దేశం దాటించవచ్చా అన్న ప్రశ్న 1951లో జోర్డాన్ వర్సెస్ డిజార్జ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు దాకా పోయింది. మద్యం మీద పన్ను ఎగ్గొట్టే కుట్రలో శిక్ష పడిన వ్యక్తి కేసు అది. మోసం ఉన్న చోట ఈ మాట అస్పష్టం కాదని మెజారిటీ జడ్జీలు అన్నారు. జస్టిస్ జాక్సన్ ఒప్పుకోలేదు.

చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు సూపర్‌మార్కెట్ సెల్ఫ్ చెకౌట్‌లో కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా బయటికి రావడం ఆ మధ్య వార్తల్లోకెక్కింది. ఇక్కడ తల్లిదండ్రులు ముందు అడిగేది ఎంత విలువ చేసే సామాను అనే. అక్కడ ఆ లెక్క రెండోది. దొంగతనం సాధారణంగా టర్పిట్యూడ్ కిందికే వస్తుంది. అలాంటి నేరం ఒకటే ఉండి, దానికి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష ఏడాది దాటకుండా, పడిన శిక్ష ఆరు నెలలు మించకుండా ఉంటే పెట్టీ అఫెన్స్ అనే మినహాయింపు ఉంది. అది వీసా అనర్హత నుంచి కాపాడుతుంది గానీ, వీసా రద్దు చేసే అధికారాన్ని ఆపదు. తాగి బండి నడపడం మామూలుగా టర్పిట్యూడ్ కాదు. దానికి వీసా రద్దయ్యేది వేరే దారిలో.

నేరం ఒప్పుకుంటే తొందరగా పోతుందన్న మన కోర్టు వరండా సలహా అక్కడ మరీ ప్రమాదం. స్థానిక కోర్టు కేసు కొట్టేసి పంపినా, ముందు నేరం ఒప్పుకుని, ఏదో ఒక షరతో జరిమానానో పడి ఉంటే, ఇమిగ్రేషన్ లెక్కలో అది శిక్ష పడినట్టే. అందుకే పౌరులు కానివాళ్ల కేసు చూసే డిఫెన్స్ లాయరు, ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందో లేదో క్లయింటుకు ముందే చెప్పి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పాడిల్లా కేసులో తేల్చింది. పబ్లిక్ డిఫెండరు (ప్రభుత్వం తరఫున ఇచ్చే ప్లీడరు) దొరికినా సరే, సంతకం పెట్టే ముందు ఆ ప్రశ్న అడగమని ఇంటినుంచి ఫోన్ చేసి చెప్పాలి.